కార్డుల వరుస

బెల్లం అచ్చును గోరంత గోరంత ముక్కలు చేసి భవాని గుప్పిట్లో దాచుకుంది. ఎదురుగా చాప మీద బాలి కూర్చుని ఉంది. ఇద్దరి మధ్యా ఒక పొడుగాటి అట్ట, దాని మీద అతికించిన అయిదు బొమ్మల కార్డులు. నీళ్ళ గ్లాసు, అన్నం పళ్ళెం, బంతి, గుమ్మం, దుప్పటి.

"నీళ్ళు కావాల్నా బాలీ?"

బాలి తల్లి ముఖం చూడలేదు. ఎడమ చివరనున్న కార్డును పర్రుమని ఊడబీకి తల్లి చేతిలో పడేసి, నోరు తెరిచింది. భవాని బెల్లం ముక్క పెట్టింది.

"అన్నం కావాల్నా?"

రెండో కార్డు. బెల్లం.

గడపలో కూర్చుని తునికాకు కట్టలు కడుతున్న ముత్తక్క తల ఎత్తింది. "నీళ్ళంటవ్, అన్నమంటవ్, పెట్టేదేమో బెల్లం. దానికి కడుపులో పురుగులు పడ్తయ్ కోడలా."

"ఊకో అత్తా. మధ్యల మాట్లాడకు, వరుస తప్పుతది."

"వరుస ఏందే, పెండ్లి బంతి లెక్క."

భవాని నవ్వలేదు. నవ్వే తీరిక లేదు ఆమెకు.

బాలికి ఆరేళ్ళు నిండాయి. ఇప్పటిదాకా ఆ నోటి నుంచి అమ్మా అన్న మాట రాలేదు. పిలిస్తే తిరగదు, కావలసిందాన్ని వేలు పెట్టి చూపించదు. ఆకలైతే నేల మీద పొర్లుతుంది. దాహమైతే చెయ్యి కొరుక్కుంటుంది. ఒక్కోసారి దాహం కాకపోయినా కొరుక్కుంటుంది. ఏది ఎందుకో కనిపెట్టడమే భవాని బతుకైపోయింది. ఖమ్మం దవాఖానాలో డాక్టరు దానికి ఆటిజం అని పేరు చెప్పి, మందులు లేవమ్మా, ఓపిగ్గా నేర్పుకోవాలి అని పంపించాడు. నేర్పేవాళ్ళు మాత్రం తలా ఒకటి చెప్పారు. ఒకరు బొమ్మలు చూపించమన్నారు. ఇంకొకరు బొమ్మలు మానేసి మాటలే చెప్పమన్నారు. ఇంట్లో కోయ మాట మానేసి తెలుగులోనే మాట్లాడమన్నారొకరు. తన మాట మానేస్తే పిల్లతో మాట్లాడేదేముంటుందో భవానికి అర్థం కాలేదు. అయినా కొన్నాళ్ళు మానేసింది.

నిలకడగా వచ్చింది ప్రసూన మేడమ్ ఒక్కతే. మండలంలోని భవిత సెంటర్లో ఇలాంటి పిల్లలకు టీచరు ఆమె. సత్తుపల్లి మనిషి. ప్రతి శనివారం స్కూటీ మీద, మట్టి రోడ్డు మీద దుమ్ము కొట్టుకుంటూ వీళ్ళ ఊరు తునికిబండ దాకా వస్తుంది. కార్డులు ఆమే తెచ్చింది. నీళ్ళ కార్డు చేతికిస్తే వెంటనే నీళ్ళు ఇవ్వాలి. అలా ఒక్క కార్డుతో నెలలు గడవాలి. పిల్లకు దాహం వేసినప్పుడే అడగాలి. అదీ ఆమె చెప్పిన పద్ధతి.

పద్ధతి మంచిదే. కానీ మార్చి నెలలో ఊరి బడి హెడ్మాస్టరు ఒక మాట అన్నాడు. "మాట రాని పిల్లను ఒకటో తరగతిలో ఎట్ల కూచోబెట్టాలె? అడిగితే ఏదో ఒకటి చెప్పేటట్టన్న చెయ్యి, అప్పుడు తీస్కరా." కసురుకోలేదు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదకే భవాని ఇంటికొచ్చి ఏడ్చింది.

పోయిన శనివారం ప్రసూన సంబరంగా వచ్చింది. "భవానీ, భద్రాచలంలో పెద్ద ట్రైనింగ్ పెడుతున్నారు. రాష్ట్రంలో అన్ని జిల్లాల నుంచీ మాలాంటి టీచర్లు, ఫిజియోథెరపీ వాళ్ళు, మాట నేర్పేవాళ్ళు అందరూ ఒకచోటికి వస్తున్నారు. ఇన్నాళ్ళూ ఎవరికి తోచింది వాళ్ళు చెప్పాం కదా, ఇప్పుడు అందరం ఒకే బిడ్డను చూసి, కలిసి ఒకే ప్లాను రాయాలట. మన జిల్లా తరఫున ఒక బిడ్డను తీసుకురమ్మన్నారు. బాలిని తీసుకొస్తావా?"

"ఆ ప్లాను కాగితం మాకిస్తరా మేడమ్?"

"ఎందుకివ్వరు? పెద్దవాళ్ళ సంతకాలతో ఇస్తారు."

భవాని మనసు ఆ కాగితం మీద పడింది. హెడ్మాస్టరు బల్ల మీద దాన్ని పెడుతున్నట్టు, ఆయన కళ్ళజోడు సర్దుకుని చదువుతున్నట్టు కళ్ళకు కట్టింది. నెలలు గడపడానికి వ్యవధి లేదు. అందుకే బెల్లం.

ఇది ఆమెకు ఎవరూ నేర్పని విద్య కాదు. ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి దాకా చదివింది, తల్లి మంచాన పడితే మానేసింది. అక్కడ ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ముందు రోజే టీచరు వరుసలో ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న పంచిపెట్టేది. ఎవరి జవాబు వాళ్ళు బట్టీ పట్టాలి, ఎవరూ చోటు మారకూడదు. భవాని వంతుకు గోదావరి పుట్టిన చోటు వచ్చింది. గడగడా చెప్పింది. సారు శభాష్ అన్నాడు. తనకు తెలిసిన చదువులో పైవాళ్ళు వచ్చినప్పుడు చేసేది ఇదే.

*

తెల్లవారి బస్సులో బాలి చెవులు మూసుకుని తల్లి ఒళ్ళో ముడుచుకుంది. భర్త వీరబాబు పామాయిల్ గెలలు కోసే పని వదిలి రాలేకపోయాడు. దారంతా భవాని కొంగు ముడిలోని బెల్లాన్ని తడుముకుంటూనే ఉంది. గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కగానే పక్క సీటు ముసలమ్మ నీళ్ళ వైపు తిరిగి దండం పెట్టుకుంది. భవాని కూడా పెట్టుకుంది. ఏమని మొక్కుకోవాలో తోచక, ప్రశ్నలు మార్చి అడగకుండా చూడు తల్లీ అనుకుంది.

హాలు కిటకిటలాడుతోంది. అందరి మెడల్లోనూ జిల్లా పేరు రాసిన కార్డులు. ఆదిలాబాద్ వాళ్ళూ గద్వాల వాళ్ళూ ఒకే బల్ల దగ్గర టీ తాగుతూ, మీ దగ్గర ఎందరు పిల్లలు, మీకు బస్సు ఛార్జీలు వస్తున్నాయా అని అడుగుతున్నారు. ప్రసూన ఎదురొచ్చి బాలి సంచీ అందుకుంది. కార్డుల అట్ట మాత్రం భవాని ఇవ్వలేదు. తన చేత్తోనే తెరిచి, ఒకటికి రెండుసార్లు వరుస చూసుకుని ముందు బల్ల మీద పెట్టింది.

శిక్షణ నడిపే ఆవిడ పేరు నిర్మలాదేవి. హైదరాబాదు నుంచి వచ్చింది. నెరిసిన జుట్టు, నేత చీర. బాలి పక్కన కుర్చీ వేసుకోకుండా కింద చాప మీద కూర్చుంది. అది చూసి భవానికి భయం కొంత తగ్గింది, మోసం చేస్తున్నానన్న బెంగ కొంత పెరిగింది.

"ఇంట్లో ఏం మాట్లాడతారమ్మా?"

"కోయల మాట్లాడ్తం మేడమ్. తెలుగు గూడ."

"మంచిది. రెండూ ఉండనివ్వండి." ఆవిడ అట్ట వైపు చూసింది. ఎడమ నుంచి కుడికి, చదివేవాళ్ళు చూసినట్టే చూసింది. "బాలీ, నీళ్ళు కావాలా?"

బాలి ఎడమ చివరి కార్డు ఊడబీకి ఇచ్చింది. భవాని బెల్లం పెట్టింది. ఆవిడ చూసింది, చిన్న బహుమతిలే అన్నట్టు తల ఊపింది.

"అన్నం కావాలా?"

ఇచ్చింది. బంతి. గుమ్మం. దుప్పటి. ఒక్కటీ తప్పలేదు. ఆరేళ్ళ పిల్ల, మాట రాని పిల్ల, అడిగిన కార్డల్లా తీసి ఇస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరి కార్డు చేతిలో పడగానే చప్పట్లు ఒక్కసారిగా మోగాయి. బాలి చెవులు మూసుకుని బల్ల కింద దూరింది. నిర్మలాదేవి గబుక్కున రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించింది. చప్పట్లు ఆగి, అందరి చేతులూ గాల్లో నిశ్శబ్దంగా ఊగాయి. భవాని అలాంటి మెప్పు ఎక్కడా చూడలేదు. ఆకులు కదిలినట్టుంది. కళ్ళు చెమర్చాయి.

ప్రసూన వెనక నుంచి వచ్చి ఆమె భుజం నొక్కింది. "నాకు చెప్పనేలేదేం? ఒక్క వారంలోనే ఎంత నేర్పావు!"

భవాని నేల చూపులు చూసింది.

*

తర్వాత గుంపులుగా కూర్చున్నారు. బాలి ప్లాను రాసే బల్ల దగ్గర ప్రసూన, వరంగల్ నుంచి వచ్చిన ఫిజియోథెరపీ అబ్బాయి, మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మాట నేర్పే మేడమ్, ఉట్నూరు వైపు నుంచి వచ్చిన దేవ్లా అనే టీచరు. దేవ్లా భారీ మనిషి, గొంతు కూడా అంతే. బాలిని చూసి మాత్రం గొంతు తగ్గించుకున్నాడు.

"గిప్పుడు చూడుండ్రి," అన్నాడు ఫిజియోథెరపీ అబ్బాయితో, "నువ్వు బిడ్డను నిలబెట్టి ఎక్సర్‌సైజ్ అంటవ్, ఈ మేడమ్ కూసోబెట్టి మాట అంటది. బిడ్డ నిలబడాల్నా కూసోవాల్నా? ఇన్నొద్దులు తల్లి సచ్చిపోయింది మన నడుమ."

అందరూ నవ్వారు. భవాని కూడా పెదవి కదిపింది. మనసులో మాట పక్కవాడు చెప్పినట్టనిపించింది.

నవ్వులయ్యాక రాయడం మొదలైంది. మాట నేర్పే మేడమ్ చెబుతుంటే ప్రసూన పెద్ద కాగితం మీద రాస్తోంది. "అయిదు కార్డులు స్వతంత్రంగా వచ్చు కాబట్టి, రెండు కార్డులు కలిపి అడగడం మొదలుపెట్టవచ్చు. నాకు, నీళ్ళు. నాకు, అన్నం. బొమ్మల నుంచి అక్షరాలకు వెళ్ళవచ్చు."

"శనివారం ఇంటికెళ్ళడం ఇంకా అవసరమా?" అన్నాడు ఫిజియో అబ్బాయి.

ప్రసూన కలం ఆగింది. "మణుగూరు రోడ్డులో ఒక బాబు ఉన్నాడు, మంచం దిగలేడు. వాడికి వారంలో ఒక్క రోజూ ఇవ్వలేకపోతున్నాను. బాలి ఇంత ముందుకొచ్చింది కాబట్టి..." భవాని వైపు చూసి నవ్వింది. "శనివారం వాడికిద్దాం. నువ్వే చేసుకోగలవు భవానీ."

"జూన్‌లో ఒకటో తరగతి. రాయండి," అంది మాట నేర్పే మేడమ్.

రాశారు. ఆ అక్షరాలు భవాని కూడబలుక్కుని చదివింది. ఒకటో తరగతి. బాలి పేరు పక్కనే. ఏ కాగితం కోసం వచ్చిందో ఆ కాగితమే ఇది. అయినా సంతోషం నిలవలేదు. ఆ కాగితంలో ఉన్న పిల్ల ఎవరో ఆమెకు తెలియలేదు. ఆ పిల్లకు నీళ్ళూ అన్నం వేరని తెలుసు. ఆ పిల్ల అక్షరాలు దిద్దుతుంది. ఆ పిల్లకు శనివారాలు అక్కర్లేదు. అలాంటి పిల్ల ఎక్కడో ఉంటే బాగుణ్ణు, వెళ్ళి ఎత్తుకొస్తాను అనిపించింది. మరి బల్ల కింద కూర్చుని అంచు గీకుతున్న ఈ పిల్లనేం చెయ్యాలి?

ఎండ ముదిరింది. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. బల్ల కింద బాలి గీకడం మానేసింది. పెదవులు చప్పరించింది. ఎడమ చెయ్యి నోటికి పోయింది.

భవాని సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది.

"ఒక్క నిమిషం అమ్మా." నిర్మలాదేవి గుంపులన్నీ చూసుకుంటూ అప్పుడే ఆ బల్ల దగ్గరికి వచ్చింది. "దాహంగా ఉన్నట్టుంది కదూ? మంచి అవకాశం. నీళ్ళ కార్డు తనకు వచ్చు. అడగనిద్దాం. మీరు ఇచ్చేస్తే అడగాల్సిన అవసరమే రాదు."

మాట సరైనదే. ప్రసూన కూడా అదే చెబుతుంది. భవాని సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఫిజియో అబ్బాయి కార్డులు ఏరి అట్ట మీద అతికించి బాలి ముందు పెట్టాడు. వాటికొక వరుస ఉందని అతనికెలా తెలుస్తుంది? ఎడమ చివర బంతి వచ్చింది.

బాలి ఎడమ చివరి కార్డు పీకి ఇచ్చింది. నోరు తెరిచింది.

"బంతా?" అన్నాడు అతను. బంతి తెచ్చి ఇచ్చాడు. బాలి దాన్ని విసిరికొట్టి, తర్వాతి కార్డు పీకింది. దుప్పటి.

"నిద్రొస్తుందేమో పాపం. బస్సులో తెల్లారగట్ల బయల్దేరారుగా," అంది ప్రసూన.

బాలి మూడో కార్డు ఇచ్చింది. గుమ్మం. తెరిచిన నోట్లో ఎవరూ ఏమీ పెట్టలేదు. ఆ పిల్ల ఒకసారి అందరి చేతులూ చూసింది. ముఖాలు చూడలేదు, చేతులే చూసింది. తర్వాత చెయ్యి కొరుక్కుంది, ఈసారి గట్టిగా.

"ఆగుదాం. అడగడం వచ్చిన బిడ్డే," అంది నిర్మలాదేవి మెల్లగా. "కొంచెం గందరగోళంలో ఉంది. తొందరపడొద్దు."

అందరూ ప్రేమగానే ఆగారు. అదే భవాని తట్టుకోలేకపోయింది. ఒక్కరైనా కసురుకుంటే బాగుండేది. ఆగుతున్నారు, బాలి అడుగుతుందని నమ్మి ఆగుతున్నారు. ఆ నమ్మకం తను పెట్టింది. చేతి మీద పళ్ళ గుర్తులు ఎర్రబడుతున్నాయి. బల్ల మీద కాగితం ఉంది, ఒకటో తరగతి అని రాసి ఉంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే వీళ్ళే విసిగి నీళ్ళిస్తారు. ఎండకు పిల్ల చికాకు పడిందంటారు. కాగితం అలాగే ఉంటుంది.

బాలి ఏడవలేదు. ఏడిస్తే వస్తుందని కూడా తెలియని పిల్ల.

"దానికి రాదు!" భవాని గొంతు తనకే కొత్తగా వినిపించింది. "దానికేం రాదు మేడమ్. ఇయ్యనియ్యుండ్రి."

కింద కూలబడి, సీసా మూత తీసి బిడ్డ నోటికి పెట్టింది. బాలి గుటక గుటకకూ ఆగకుండా తాగింది. నీళ్ళు మెడ మీదుగా కారి గౌను తడిసింది. పక్క బల్లల వాళ్ళు కూడా ఇటు తిరిగారు.

"వరుస నేర్పిన," అంది భవాని తల ఎత్తకుండా. "ఏ కార్డు ఏందో దానికి తెల్వదు. ఎడమ దిక్కు నుంచి ఒక్కొక్కటి పీకి ఇస్తే బెల్లం పెడ్తనని నేర్పిన. మీరు గదే వరుసల అడిగిండ్రు. గంతే."

ప్రసూన ముఖం పాలిపోయింది. జిల్లా తరఫున తెచ్చిన బిడ్డ. రాష్ట్రమంతా చూస్తోంది.

ముందు దేవ్లాయే కదిలాడు. బరువుగా నిట్టూర్చి, తర్వాత ఆపుకోలేక నవ్వేశాడు. "ఓ చెల్లె, నువ్వు టీచర్ కావాల్సింది. ఇన్‌స్పెక్షన్ అంటే మేం జేసేది గదేనాయె. మొన్న పెద్దసారు వస్తే మా పోరగాళ్ళతోని నేను గిట్లనే అప్పజెప్పించిన."

"నువ్వూనా?" అంది మాట నేర్పే మేడమ్.

"నువ్వు జెయ్యలేదా? నిజం జెప్పు."

ఆవిడ మెడలోని కార్డు సర్దుకుంది. ఎక్కడో ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఎగతాళి కాదని భవానికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

నిర్మలాదేవి నవ్వలేదు. అట్ట చేతిలోకి తీసుకుని కార్డులు ఊడదీసి, కలిపి, మళ్ళీ చూసింది. "వరుస మార్చి అడగాలని నాకు తోచలేదు. తోచాలి. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తోచలేదు. బిడ్డ గెలవాలని మనకూ అంత ఆత్రం." భవాని వైపు తిరిగింది. "ఎందుకు చేశావమ్మా? మాకు చూపించడానికా?"

"కాదు మేడమ్. బడి కోసం."

హెడ్మాస్టరు మాట చెప్పింది. ప్రసూన పక్కకొచ్చి కూర్చుంది. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

"మార్చి నుంచి ప్రతి శనివారం వస్తున్నాను కదా భవానీ. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు పోయి ఆయనతోని కొట్లాడ్తరు మేడమ్. కొట్లాడి మీరు స్కూటీ ఎక్కి పోతరు. ఆ ఊళ్ళ ఉండేది మేము. ఆ బడికి పోవాల్సింది బాలి."

అవును, ప్రసూన కొట్లాడేదే.

"మాట వస్తేనే చేర్చుకుంటాననడానికి ఏ బడికీ హక్కు లేదమ్మా," అంది నిర్మలాదేవి. "మాట రాని పిల్లకూ ఆ బడిలో చోటుంది. చట్టమే చెబుతోంది. ఇది నీకెవరూ చెప్పకపోవడం మా తప్పు. నడవలేని పిల్లకు చోటుంది, చూడలేని పిల్లకూ చోటుంది. బడికి వెళ్ళి నేర్చుకోవాలి గానీ, నేర్చుకుని బడికి వెళ్ళడమేమిటి?"

భవాని ఆ మాటను రెండుసార్లు మనసులో అనుకుంది. సంతోషం కలగలేదు, ముందు ఒళ్ళు మండింది. వారం రోజులు బెల్లం మింగించింది దేనికోసం?

"చట్టం జెప్తే సార్లు వింటరు గని, మనసు వెట్టరు," అన్నాడు దేవ్లా. "మా దిక్కు ఒక హెడ్మాస్టరు గిట్లనే అన్నడు. నేను కొట్లాడలే. సార్, వారం రోజులు మీ క్లాసుల నేనే కూసుంట, బిడ్డతోని అని పోయి ఎనక బెంచీ మీద కూసున్న. నన్ను జూసి నవ్వి నవ్వి పోరగాళ్ళే ఆ బిడ్డను జేర్చుకున్నరు. సారుకు భయం బోయింది. ఆయనకు ఉన్నది కోపం గాదు, భయం. ఏం జెయ్యాల్నో తెల్వదు ఆయనకు."

"ఆ వెనక బెంచీలో నేను పట్టుతానా?" అంది ప్రసూన.

"నేను పట్టిన, నువ్వు పట్టవా?"

ప్రసూన రాసిన పెద్ద కాగితాన్ని నిర్మలాదేవి తీసి నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టింది. "కొత్తది రాద్దాం. ఒక్కటే రాద్దాం. బాలి దాహం వేసినప్పుడు నీళ్ళు అడుగుతుంది. ఇంకేమీ వద్దు. వరంగల్ వాళ్ళూ మహబూబ్‌నగర్ వాళ్ళూ తలా ఒకటి కలపకండి దయచేసి."

"శనివారమో?" భవాని అడగకుండా ఉండలేకపోయింది. అడిగాక, మంచం దిగలేని ఆ బాబు గుర్తొచ్చి సిగ్గుపడింది. వాడికీ ఒక తల్లి ఉంటుంది, ఆమె కూడా ఎక్కడో సీసా పట్టుకుని కూర్చుని ఉంటుంది.

ప్రసూన కాసేపు లెక్క వేసుకుంది. "ఒక శనివారం నీకు, ఒకటి వాడికి. మధ్యలో వారం నువ్వు చేసింది చేసినట్టు నాకు ఫోన్‌లో చెప్పాలి. రాకపోతే రాలేదని చెప్పాలి."

"అవ్ మేడమ్."

*

నీళ్ళ కార్డు ఒక్కటే ఉంచారు. భవాని చేతికి గ్లాసు ఇచ్చారు, నోరు విప్పొద్దన్నారు. దేవ్లా బాలి వెనక కూర్చున్నాడు. పిల్ల చెయ్యి గ్లాసు వైపు చాచగానే ఆ చేతిని పట్టుకుని కార్డు మీదికి నడిపి, కార్డు తల్లి చేతిలో పెట్టించేవాడు. వెంటనే ఒక్క గుక్క నీళ్ళు. మళ్ళీ గ్లాసు, మళ్ళీ కార్డు, మళ్ళీ గుక్క. బెల్లం కొంగు ముడిలోనే ఉండిపోయింది.

మాట్లాడకుండా ఉండటం భవానికి చాలా కష్టమైంది. ఆరేళ్ళుగా బాలి తరఫున మాట్లాడింది తనే. నీళ్ళు కావాల్నా అని అడిగేదీ తనే, అవ్ అనేదీ తనే, ఇచ్చేదీ తనే. ఇప్పుడు పెదవి మీద పెదవి నొక్కి కూర్చుంటే, బిడ్డ ఊపిరి చప్పుడు మొదటిసారి విన్నట్టుంది.

మెల్లగా దేవ్లా తన చేతిని బాలి మణికట్టు దాకా జరిపాడు, తర్వాత మోచేతి దాకా. చివరికి తీసేశాడు. గ్లాసులో ఇంకా కొన్ని నీళ్ళున్నాయి. భవాని పట్టుకుంది. బల్ల చుట్టూ అందరూ ఆగారు.

బాలి గ్లాసును చూసింది. కార్డును తీసి పట్టుకుంది. బాలి ఆ కార్డును ఒకసారి అటూ ఇటూ తిప్పి, నేల మీద పెట్టేసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ నిలబడి ఊచల నీడలో వేళ్ళు ఆడించుకోవడం మొదలుపెట్టింది.

భవాని ముఖం మాడిపోయింది. "రాలే."

"ఎట్ల రాలే చెల్లె? దానికి దాహం లేదిగ. కడుపు నిండ తాగింది." దేవ్లా మోకాళ్ళు పట్టుకుని లేస్తూ అన్నాడు. "పొద్దుగాల బెల్లం కోసం అడిగినయన్నీ ఇచ్చింది. గిప్పుడు వద్దనిపించింది, ఇయ్యలే. నిజం జెప్పింది గద నీ బిడ్డ."

భవాని కిటికీ వైపు చూసింది. వద్దు. బాలి వద్దంది. తను నేర్పనిది, ఎవరూ నేర్పనిది. దాన్ని మాట అనాలో వద్దో ఆమెకు తెలియదు. కానీ ఆరేళ్ళలో కనిపెట్టే పని లేకుండా బిడ్డ మనసు తెలిసింది ఇదొక్కసారే.

భోజనాలకు పిలిచారు. బల్లలు ఖాళీ అయ్యాయి. భవాని గ్లాసు కింద పెట్టలేదు. ఎండ ఇంకా ఉంది, దాహం మళ్ళీ వేస్తుంది. ప్రసూన రెండు పళ్ళేలు తెచ్చి ఆమె పక్కన చాప మీద కూర్చుంది.

"తిను. గ్లాసు నేను పట్టుకుంటాను."

"వద్దు మేడమ్. నా చేతుల్నే ఉండనియ్యుండ్రి."

ప్రసూన బలవంతం చెయ్యలేదు. పప్పన్నం కలుపుకుంటూ, "సోమవారం హెడ్మాస్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం," అంది. "నేను కొట్లాడను. మాట ఇస్తున్నాను. చట్టం కాగితం సంచీలో పెట్టుకుంటాను, అవసరమైతేనే తీస్తాను."

"మీరు నా ఎనక కూసోండ్రి మేడమ్. నేను చెప్త."

"ఏమని చెప్తావు?"

భవాని కిటికీ దగ్గరున్న బిడ్డ మీంచి చూపు తిప్పలేదు.

"మాట రాదు సార్, పేరు రాసుకోండ్రి అని చెప్త."

కిటికీ దగ్గర బాలి వేళ్ళు ఆగాయి. ఆ పిల్ల పెదవులు ఒకసారి చప్పరించింది. భవాని గ్లాసును కొంచెం ముందుకు జరిపి, ఏమీ అడగకుండా కూర్చుంది.